ఖాళీ బార్ నుంచి 87.5 కిలోల దాకా: నలభై ఏడో ఏట నా పదిన్నర నెలలు

2024 నవంబర్ 18, సోమవారం. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ బల్ల మీద పడుకున్నది పావుగంట. రిపోర్టు ఆ సాయంత్రమే చేతికొచ్చింది. టీ-స్కోర్ అంటే మన ఎముకను ఆరోగ్యంగా ఉన్న వయసు పిల్ల ఎముకతో పోల్చి చెప్పే అంకె. వెన్నుపూసకు అది మైనస్ 1.9, తుంటికి మైనస్ 1.4. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక పలచబడుతున్నట్టు, అక్కడికీ దిగిపోతే బోలు ఎముకల జబ్బు ఉన్నట్టు. స్కానుకు 2,400 రూపాయలు, విటమిన్ డి పరీక్షకు 1,300. విటమిన్ డి 14 వచ్చింది. వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల గుళికలు ఎనిమిది వారాలు వాడమన్నారు. పరగడుపున వేసుకోకూడదు, భోజనం చేశాక వేసుకోవాలి. తిండిలోని కొవ్వుతో కలిస్తే అది ఒంటికి బాగా పడుతుంది.

మందుల చీటీ కింద డాక్టరమ్మ ఇంకో మాట రాశారు: వారానికి కనీసం రెండు రోజులు బరువులు. రోజూ గంట నడుస్తున్నానండీ అన్నాను. నడక గుండెకు మంచిదే, ఎముక గట్టిపడాలంటే మాత్రం దానికి అలవాటైన దానికన్నా ఎక్కువ బరువు మీద పడాలి అన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా అమ్మ తుంటి విరిగి మంచాన పడి ఉన్న రోజులే కళ్ళముందు తిరిగాయి.

మాది విజయవాడ. ఏ రోజు ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో, బండి ఎక్కడ ఆగిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. నా వయసువాళ్ళు జిమ్ము మెట్ల దగ్గరే ఆగిపోవడం ఈ ఏడాది చాలాసార్లు చూశాను. బరువు పెరగకపోతే "మన వల్ల కాదులే" అని మానేసినవాళ్ళనూ చూశాను. నేను ఆగిన చోట్లు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఎక్కువసార్లు అడ్డు పడింది సామానూ, వేసిన అడుగు సైజూ. ఒంట్లో బలం చాలక ఆగింది చాలా తక్కువ.

ముందు ఫిజియోథెరపిస్టును కలవమన్నారు. తొమ్మిది రోజులు ఆగితే నవంబర్ 27న అపాయింట్‌మెంట్ దొరికింది. రెండు సిట్టింగులు, ఒక్కోటి 600. ఆ రెండింట్లో నేర్పింది ఒక్కటే పని, నడుం వంచకుండా తుంటి దగ్గర మడవడం. చీపురు కర్రను వీపు మీద నిలువుగా పెట్టారు. తల వెనక భాగం, రెండు భుజాల మధ్య, తోక ఎముక, ఈ మూడు చోట్లా కర్ర తగిలే ఉండాలి. ఒక్కటి వదిలినా నడుం వంగినట్టే. మోకాళ్ళు కొంచెం సడలించి పిరుదులను వెనక్కి తోయాలి. చేతుల్లో నీళ్ళ బిందె ఉన్నప్పుడు తలుపును తుంటితో వెనక్కి నెడతామే, అదీ కదలిక. గోడకు జానెడు దూరంలో వీపు పెట్టి నిలబడి, పిరుదులతో గోడను తాకి రమ్మన్నారు. తేలిగ్గా తాకితే ఇంకో రెండంగుళాలు ముందుకు జరగాలి. రోజుకు ఇరవై సార్లు చొప్పున పన్నెండు రోజులు చేశాక గానీ కర్ర మూడు చోట్లా నిలవలేదు. అన్నేళ్ళుగా బియ్యం బస్తా దగ్గర నుంచి పసిబిడ్డ దాకా అన్నీ నడుంతోనే ఎత్తానని అప్పుడు తెలిసింది.

డిసెంబరంతా జిమ్ములు చూడటానికే పోయింది. మొత్తం ఐదు. రెండింట్లో ఆడవాళ్ళ టైము పగలు పదకొండు నుంచి నాలుగు, ఉద్యోగం ఉన్నవాళ్ళకు పనికిరాదు. ఇంకో దాంట్లో లేడీస్ గది వేరే ఉంది, లోపల రెండు ట్రెడ్‌మిల్లులు, ఒక సైకిలు, గులాబీ రంగు డంబెల్స్ మాత్రమే. బార్, అంటే రెండు చివర్లా బరువు ప్లేట్లు తగిలించే పొడవాటి ఇనప కడ్డీ, కావాలంటే అవతలి హాల్లోకి వెళ్ళాలి. జిమ్ము చూడటానికి వెళ్ళినప్పుడు ఏసీ, అద్దాలు కాదు, ఇవి అడగండి: బార్ బరువెంత? అన్నిటికన్నా చిన్న ప్లేటు ఎన్ని కిలోలు? స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని గొంతుక్కూర్చుని లేవడం) చేసే స్టాండుకు అడ్డంగా సేఫ్టీ రాడ్లు ఉన్నాయా? కింద రబ్బరు పరిచారా? మూడో ప్రశ్నకు లేదంటే ఇక నాలుగోది అడగక్కర్లేదు, బయటికొచ్చేయండి. స్క్వాట్‌లో లేవలేకపోతే బార్ ఆ రాడ్ల మీద ఆగాలి, మీ మీద కాదు. నేను చేరినచోట మూడూ నాలుగూ ఉన్నాయి. మొదటి రెండు ప్రశ్నలు నాకప్పటికి తట్టలేదు. వాటి గురించి కిందికొస్తాను. అడ్మిషన్ 1,000, నెలకు 1,500, మూడు నెలల పాటు కోచ్‌కి నెలకు 5,000.

2025 జనవరి 6, సోమవారం ఉదయం ఆరింటికి మొదటి క్లాసు. హాల్లో పదిహేను మంది మగపిల్లలు, నేనొక్కదాన్నే ఆడదాన్ని. గుండె దడదడలాడింది. ఐదు నిమిషాలు పోయాక తెలిసింది, ఎవరి అద్దం వాళ్ళు చూసుకుంటున్నారు.

ఆరోజు చేసింది: 6 కిలోల డంబెల్ గుండెలకు ఆనించుకుని పెట్టె మీద కూర్చుని లేవడం, మూడు సెట్లు, సెట్టుకు ఎనిమిది సార్లు. తర్వాత డెడ్‌లిఫ్ట్, అంటే నేల మీద బార్‌ను నిటారుగా నిలబడేదాకా ఎత్తడం. ఇక్కడే మొదటి చిక్కు వచ్చింది. పెద్ద ప్లేట్ల అడ్డుకొలత 45 సెంటీమీటర్లు, కాబట్టి అవి తగిలించిన బార్ నేలకు ఇరవై రెండున్నర సెంటీమీటర్ల ఎత్తులో, పిక్కల నడిమికి వస్తుంది. కొత్తగా చేరిన ఆడవాళ్ళం ఎత్తగలిగేది ఐదు కిలోల ప్లేట్లు. అవి చిన్నవి, బార్ చీలమండ దగ్గరికి దిగిపోతుంది. అంత కిందికి వెళ్ళాలంటే నడుం గుండ్రంగా వంగి తీరుతుంది. అందరికన్నా తక్కువ బరువు ఎత్తేవాళ్ళే అందరికన్నా కిందికి వంగాల్సి వస్తోందన్నమాట. దీనికి మందు: రెండు వైపులా ప్లేట్ల కింద రబ్బరు మ్యాట్లో, పెద్ద ప్లేట్లు పడుకోబెట్టో ఎత్తు పెంచుకోవాలి. మా కోచ్ మ్యాట్లు నాలుగేసి పేర్చాడు. నెలన్నర ఆ మ్యాట్ల మీద నుంచే ఎత్తాను. మీ జిమ్ములో ఈ మాట ఎవరూ చెప్పకపోతే మీరే అడిగి పెట్టించుకోండి.

నొప్పులు రెండో రోజు ముదిరాయి, మొదటి రోజు కాదు. బుధవారం పొద్దున దేవుడి దగ్గర కింద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకున్నాను. మూడో రోజుకు తగ్గింది. తొడల నడిమిలో, రెండు కాళ్ళకూ సమానంగా ఉన్న నొప్పి కండరానిది, భయం లేదు. కీలులోగానీ ఒక్క వైపేగానీ పొడిచినట్టుంటే ఆగాలి. మూడో వారానికి ఆ నొప్పులు దాదాపు పోయాయి. నొప్పి లేదంటే పని జరగనట్టేమో అని దిగులుపడ్డాను గానీ, రాసుకున్న అంకె పెరుగుతోందా లేదా అన్నదే కొలత.

వారానికి మూడు రోజులు, సోమ బుధ శుక్ర. ఒక రోజు స్క్వాట్, నిలబడి తలపైకి నెట్టే ఓవర్‌హెడ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్. తర్వాతి క్లాసుకు స్క్వాట్, బెంచి మీద పడుకుని బార్‌ను గుండెల మీద నుంచి పైకి నెట్టే బెంచ్ ప్రెస్, వంగి లాగే రోయింగ్. వేడెక్కించే సెట్లు పోగా మూడు సెట్లు, సెట్టుకు ఐదు సార్లు. సెట్టుకూ సెట్టుకూ మధ్య మూడు నిమిషాలు ఖాళీగా కూర్చోవాలి. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఆ కూర్చోవడమే. ఊరికే కూర్చున్నామని జంకి నిమిషానికే లేస్తే మూడో సెట్టు నాలుగు దగ్గర ఆగిపోతుంది.

ఒంటి మీద ఉండేవాటి గురించి ఎవరూ చెప్పరు. నల్లపూసలు బెంచ్ ప్రెస్‌లో బార్‌కూ గుండె ఎముకకూ మధ్య పడి, మెడ కింద వరసగా ఎర్రటి చుక్కలు తేలాయి. గాజులు డెడ్‌లిఫ్ట్‌లో తొడకు తగిలి చిట్లుతాయి. ఉంగరం ఉన్న వేలి మొదట చర్మం బార్‌కూ ఉంగరానికీ మధ్య నలిగి కాయ కాస్తుంది. మెట్టెలు బిగుతు బూట్లలో పక్కవేలిని కోస్తాయి. ఇవన్నీ తీసి జిప్పు ఉన్న చిన్న సంచీలో వేసి, సంచీని జిమ్ములో కాకుండా ఇంట్లోనే ఉంచి వస్తాను. తాళి తీయడం ఇష్టం లేనివాళ్ళు దాన్ని బనీను లోపల ఒక పక్కకు పిన్నుతో బిగించుకుంటే చాలు. జడ బెంచి మీద వీపు కింద పడితే తల ఎత్తలేం. ముడి మెడ వెనక వేస్తే తల ఆనదు. నడినెత్తిన వేసుకోవాలి. బార్ పిక్కలను గీరుకుంటూ పైకి వస్తుంది కాబట్టి మోకాలి దాకా సాక్సులు కావాలి. నడకకు కొన్న మెత్తటి బూట్లు పనికిరావు, బరువు ఎత్తేటప్పుడు మడమ కింద సోలు నలిగి ఒరుగుతుంది. 450 రూపాయల చదును అడుగు కాన్వాస్ బూట్లు సరిపోయాయి.

ఇక బార్ బరువెంత, చిన్న ప్లేటు ఎంత అన్న ఆ రెండు ప్రశ్నల సంగతి. ఫిబ్రవరి మొదటి వారానికి స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ హాయిగా పెరుగుతున్నాయి. ఓవర్‌హెడ్ ప్రెస్ మాత్రం ఖాళీ బార్ దగ్గర ఆగింది. ఖాళీ బార్‌తో ఐదేసి మూడు సెట్లు వచ్చేస్తున్నాయి. రెండు వైపులా రెండున్నర కిలోల ప్లేటు వేస్తే ఒక్కసారి కూడా లేవడం లేదు. ఆరు క్లాసులు అదే తంతు. ఇంటికెళ్ళి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. భుజాలు బలహీనమని, ఈ వయసుకింతేనని అనిపించింది.

ఫిబ్రవరి 12న ఒంటి బరువు చూసే మిషన్ జిమ్ముకు పట్టుకెళ్ళాను. ముందు నేను ఎక్కి, తర్వాత బార్ పట్టుకుని ఎక్కాను. 62.4, 79.6. అంటే అందరూ ఇరవై అనుకుంటున్న బార్ 17.2 కిలోలు. పక్కన ఉన్నది 18.1. నెల రోజుల పుస్తకం దిద్దుకున్నాను. అసలు విషయం అప్పుడు కళ్ళకు కట్టింది. ఆ జిమ్ములో అన్నిటికన్నా చిన్న ప్లేటు రెండున్నర. రెండు వైపులా కలిపి ఐదు కిలోలు. 60 కిలోల డెడ్‌లిఫ్ట్ మీద ఐదంటే ఎనిమిది శాతం. 17.2 మీద ఐదంటే ఇరవై తొమ్మిది శాతం. మంచి బలమున్న కుర్రాడినైనా 60 కిలోల ప్రెస్ నుంచి ఒక్క రోజులో 77కు వెళ్ళమంటే వెళ్ళగలడా? మెట్లు కట్టినవాళ్ళు తమ కాలికి సరిపోయే మెట్టు కట్టుకున్నారు, అంతే.

కిలోపావు ప్లేట్ల జత 450కి దొరికింది. అంతకన్నా చిన్నవి దగ్గర్లో దొరకలేదు. ఆటోనగర్‌లో ఒక లేత్ షాపుకు వెళ్ళి కాగితం మీద గీసిచ్చాను: పది మిల్లీమీటర్ల ఇనప ప్లేటు, 104 మిల్లీమీటర్ల అడ్డుకొలత, మధ్యలో 52 మిల్లీమీటర్ల కన్నం. బార్ చివర 50 ఉంటుంది, కన్నం 50 పెడితే దూరదు. ఈ కొలతకు ఒక్కోటి అర కిలో తూగుతుంది. అదే కొలతలో ఐదు మిల్లీమీటర్ల మందంతో పావు కిలోవి ఇంకో రెండు. "ఏ బండికమ్మా ఇవి?" అని అడిగాడాయన. చెప్పాను. నాలుగు రోజుల్లో ఇచ్చాడు, నాలుగూ కలిపి 900. కూరగాయలు తూచే ఎలక్ట్రానిక్ కాటా మీద 497, 504, 251, 248 గ్రాములు వచ్చాయి. అంచులు గ్రైండింగ్ పట్టించడం మర్చిపోకండి, చెయ్యి కోస్తుంది. రెడ్ ఆక్సైడ్ పూశాను.

ఫిబ్రవరి 21న 17.7. ఐదు, ఐదు, ఐదు. ఆ పావుకిలో బిళ్ళలు వేసుకుని బార్ తలమీదికి వెళ్ళినప్పుడు కలిగిన సంతోషం తర్వాత పోటీలో కూడా కలగలేదు. అక్కడి నుంచి వారానికి అర కిలో, కొన్ని వారాలు అసలు పెరగక, మొత్తానికి జూన్ ఆఖరుకు 23.7.

ఇప్పుడు రాసేది చాలామంది ఎవరికీ చెప్పకుండా ఈ ఒక్క కారణానికే మానేస్తారు కాబట్టి విడమర్చి రాస్తున్నాను. ఏడో వారంలో, 52.2 కిలోల డెడ్‌లిఫ్ట్ నాలుగోసారి ఎత్తుతుంటే మూత్రం చుక్కలు పడ్డాయి. ముదురు రంగు ప్యాంటు కాబట్టి ఎవరికీ తెలియలేదు. రెండు క్లాసులు ఎగ్గొట్టాను. కాన్పులైనవాళ్ళలో, నెలసరి ఆగే వయసులో ఇది మామూలుగా కనిపించేదే. అలాగని సర్దుకుపోవాల్సింది కూడా కాదు. పెల్విక్ ఫ్లోర్, అంటే మూత్రాన్ని పట్టి ఉంచే పొత్తికడుపు అడుగు కండరాలు, చూసే ఫిజియోను కలిస్తే ఆరు వారాల్లో నాలుగు సిట్టింగులు పెట్టారు, ఒక్కోటి 800.

నేను చేస్తున్న తప్పు రెండు చోట్ల ఉంది. బార్ లేపేటప్పుడు ఊపిరి గొంతులో బిగబట్టి పొట్టను లోపలికి లాగుతున్నాను. దాంతో ఒత్తిడంతా కిందికి పోతోంది. చేయాల్సింది: ఊపిరి పక్కటెముకల దాకా తీసుకుని, దగ్గబోయే ముందు పొట్ట చుట్టూ ఎలా గట్టిపడుతుందో అలా బిగించి, బార్ మోకాలు దాటుతుండగా పెదాల మధ్య నుంచి సన్నగా వదలడం. రెండోది, ఆ కండరాలను రోజంతా బిగించి ఉంచుతున్నాను. బిగించడం ఎంత ముఖ్యమో పూర్తిగా వదలడం అంతే ముఖ్యమట. ఎప్పుడూ బిగిసి ఉన్న కండరానికి అవసరమైనప్పుడు బిగిసే ఓపిక ఉండదు. పది సార్లు బిగించి వదలడం, వదిలినప్పుడు బిగించిన దానికి రెట్టింపు సేపు ఆగడం, రోజుకు మూడు విడతలు. చుక్క పడని బరువుకు దిగమన్నారు. 40 దగ్గర మొదలుపెట్టి రెండున్నర చొప్పున పెంచుకుంటూ ఏప్రిల్ మూడో వారానికి 55 దాటాను. ఇప్పటికీ బాగా బరువెత్తే రోజున పల్చటి ప్యాడ్ పెట్టుకుంటాను.

తిండి కూడా తూచాను. మొదటి మూడు రోజులు ఏమీ మార్చకుండా తూచి రాస్తే ప్రొటీన్ రోజుకు 38 గ్రాములే తేలింది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ మామూలు పెద్దవాళ్ళకు చెప్పేదే కిలో ఒంటి బరువుకు 0.83 గ్రాములు, దానికీ చాలలేదు. బరువులెత్తుతున్నాను కాబట్టి డైటీషియన్ నాకు 75 పెట్టారు. పొద్దున అరవై గ్రాముల పెసలతో పెసరట్లు 14, గ్లాసు పాలు 6, మధ్యాహ్నం నలభై గ్రాముల కందిపప్పు 9, కప్పు పెరుగు 6, సాయంత్రం రెండు గుడ్లు 12, రాత్రి ముప్పై గ్రాముల మీల్ మేకర్ 15, మిగతాది అన్నంలోంచి వస్తుంది. మీల్ మేకర్ మొదటి వారం కడుపు ఉబ్బరించింది. వేణ్ణీళ్ళలో నానబెట్టి రెండుసార్లు గట్టిగా పిండి వండితే తగ్గింది. ఉపవాసం ఉన్న రోజు బరువులు పెట్టుకోకండి. శ్రావణ శుక్రవారాల్లో క్లాసు గురువారానికి మార్చుకున్నాను.

మార్చి ఆఖరుకు కోచ్ మూడు నెలలు అయిపోయాయి. అప్పటి నుంచి నేను, నా పుస్తకం, స్టాండుకు ఆనించి వీడియో తీసే ఫోను. మేలో మా ఊరి ఎండలకు ఏసీ లేని హాల్లో అరచేతులు చెమటకు జారాయి. సుద్దపొడి, అదే మెగ్నీషియం కార్బొనేట్, 200 పెట్టి కొన్నాను. బరువులు పది శాతం తగ్గించి, ఐదున్నరకే వెళ్ళి, ఉప్పు వేసిన మజ్జిగ పట్టుకెళ్ళాను. ఒళ్ళు ఆవిర్లు పోసి నిద్రలేని రాత్రుల మర్నాడు క్లాసు మానలేదు. మూడు సెట్ల బదులు రెండు చేసి వచ్చాను. బెల్టు కూడా అప్పుడే కొన్నాను, 1,800. పది సెంటీమీటర్ల వెడల్పు బెల్టు పొట్టివాళ్ళకు పై అంచు పక్కటెముకకు, కింది అంచు తుంటి ఎముకకు ఒరుసుకుని నల్లగా కమిలిపోతుంది. వెనక కొంచెం కిందికి, ముందు కొంచెం పైకి వాల్చి పెట్టుకుంటే కుదిరింది. నడుం సన్నబడేలా బిగించేది కాదది. ఒక వేలు దూరేంత వదులు ఉంచి, పొట్టతో దాన్ని బయటికి నెట్టాలి. ప్యాంటు నాడా ముడి దాని కింద పడకుండా చూసుకోవాలి.

జూలై 21న దెబ్బ తగిలింది. 72.2 కిలోల డెడ్‌లిఫ్ట్, మూడో సెట్టు, ఆఖరుసారి. నడుం కుడి పక్కన కరెంటు తగిలినట్టయింది, బార్ వదిలేశాను. కాలు తిమ్మిరెక్కడం, నొప్పి మోకాలి కిందికి పాకడం, మూత్రం పట్టు తప్పడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. నాకు ఏదీ లేదు. నాలుగు రోజులు వంగడం కష్టమైంది. పూర్తిగా పడుకోకుండా ఇంట్లో తిరుగుతూనే ఉన్నాను. వీడియో చూస్తే కారణం దొరికింది: బార్ కదలకముందే పిరుదులు పైకి లేచాయి, బార్ పిక్కలకు మూడంగుళాలు ముందుకు జరిగింది. ఆ మూడంగుళాలే 72 కిలోలను నడుం మీదికి తెచ్చాయి. ఆ ముందు రెండు సెట్లలోనూ అదే తప్పు కొద్దికొద్దిగా కనబడుతోంది. నేను ఫోను చూడకుండా తర్వాతి సెట్టుకు వెళ్ళాను. ఎనిమిదో రోజు 30 కిలోలతో మళ్ళీ మ్యాట్ల మీద నుంచి మొదలుపెట్టాను. బార్ పిక్కను తాకుతూ రావాలి. నేల నుంచి లేచే క్షణానికి ముందు చంకల్లో న్యూస్‌పేపరు పట్టుకున్నట్టు చేతులు ఒంటికి బిగించాలి. ఆగస్టు 25కి మళ్ళీ 70. ఐదు వారాలు పోయాయి.

నవంబర్‌లో జిల్లా స్థాయి పవర్‌లిఫ్టింగ్ పోటీ ఉందని సెప్టెంబర్ చివర జిమ్ములో ఒక అమ్మాయి చెప్పింది. "అక్కా, నలభై నుంచి నలభై తొమ్మిది దాకా మాస్టర్స్ వన్ ఉంటుంది, రా" అంది. కరణం మల్లీశ్వరి గారు చేసింది వెయిట్‌లిఫ్టింగ్, బార్‌ను తలమీదికి లేపే ఆట. ఇది స్క్వాట్, బెంచ్ ప్రెస్, డెడ్‌లిఫ్ట్. ఎంట్రీ ఫీజు 700. సింగ్లెట్, అంటే పైనుంచి తొడల దాకా ఒంటికి అంటుకునే ఒకే ముక్క డ్రెస్సు, తప్పనిసరి. 2,200, రావడానికి పదకొండు రోజులు పట్టింది. దాని గురించే రెండు రాత్రులు మథనపడ్డాను. లోపల టీషర్టు వేసుకుంటారు, డెడ్‌లిఫ్ట్‌కు మోకాలి దాకా సాక్సులు ఉండి తీరాలి, అవి ఇంకో 250. మీ వంతు దాకా పైన ట్రాక్ సూటు వేసుకునే ఉండొచ్చు.

నవంబర్ 23, ఆదివారం. ఏడున్నరకు బరువు తూచారు, 63.1. 63 కిలోల తరగతికి నూరు గ్రాములు ఎక్కువ. ఒక పూట మంచినీళ్ళు మానేస్తే దిగేదాన్నే. మొదటి పోటీకి ఆ పని చేయొద్దని కోచ్ ముందే చెప్పాడు, 69లో రాయించుకున్నాను. ఆట వేరైనా అంకె అదే. 2000 సెప్టెంబర్ 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో మల్లీశ్వరి గారు రెండు రకాల లిఫ్టుల్లో 110, 130 కలిపి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది 69 కిలోల తరగతిలోనే. శ్రీకాకుళం జిల్లా మనిషి. కార్డు మీద 69 చూసి నాకు ఒళ్ళు జలదరించింది.

తూకం దగ్గరే మొదటి ప్రయత్నాల బరువులు చెప్పాలి. స్టాండు ఎత్తు నంబర్లు కూడా అడుగుతారు. ముందే కొలుచుకోకపోతే వేదిక మీద మునివేళ్ళ మీద లేచి బార్ అందుకోవాల్సి వస్తుంది. బార్ కచ్చితంగా 20, బిగించే కాలర్లు రెండున్నర చొప్పున ఐదు, అంటే పాతిక కిలోల కన్నా తక్కువ ఉండదు. మీ బెంచ్ ప్రెస్ పాతికకు రాకపోతే పోటీ ఇంకో ఆరు నెలలు వాయిదా వేసుకోండి. తప్పిన బరువును మళ్ళీ అడగొచ్చు, తగ్గించడానికి లేదు. ఒకే లిఫ్టులో మూడు ప్రయత్నాలూ పోతే మూడు లిఫ్టుల మొత్తం లెక్కలోంచి బయటికి. అందుకే మొదటిది, జ్వరం వచ్చిన రోజైనా మూడుసార్లు ఎత్తగలిగేదై ఉండాలి.

తొమ్మిదిన్నరకు అనుకున్నది పన్నెండుకు పది నిమిషాలుందనగా మొదలైంది. పులిహోర, అరటిపళ్ళు తీసుకెళ్ళడం మంచిదైంది. స్క్వాట్ 45 తేలిగ్గా లేచింది, అయినా మూడు ఎర్ర లైట్లు, అంటే ముగ్గురు రిఫరీలూ చెల్లదన్నారు. లేచి నిలబడ్డాక రిఫరీ "ర్యాక్" అనేదాకా కదలకూడదు. నేను అలవాటు కొద్దీ వెంటనే నడిచి స్టాండులో పెట్టేశాను. బలముండీ పోయింది. మళ్ళీ 45 చేశాను, తర్వాత 52.5. బెంచ్‌లో 27.5, 30 వచ్చాయి. 32.5కి మడమ లేచిందని రెండు ఎర్రలైట్లు. కాళ్ళు నేలకు సరిగా అందనివాళ్ళు పాదాల కింద దిమ్మలు అడగొచ్చు, ముప్పై సెంటీమీటర్ల దాకా ఒప్పుకుంటారు. నేను అడగలేదు, అడగాల్సింది. "స్టార్ట్", "ప్రెస్", "ర్యాక్" అని మూడు ఆజ్ఞలుంటాయి దీనికి. ఇంట్లో ఎవరిచేతైనా అనిపించుకుంటూ ఓ నెల చేయండి.

డెడ్‌లిఫ్ట్‌కు గంటా నలభై నిమిషాలు ఆగాం. 75, 82.5. మూడోది 87.5, అంతకుముందు ఎప్పుడూ ఎత్తనిది. పిక్కలకు బార్ ఆనించి, ఊపిరి తీసుకుని, బిగించాను. రెండు సెకన్ల పాటు నేల మీద నుంచి కదల్లేదు. వదిలేద్దామనిపించేలోపు కదిలింది. మోకాలు దాటాక ఊపిరి వదిలాను. "డౌన్" అన్నారు. మూడు తెల్ల లైట్లు. చుక్క పడలేదు. మొత్తం 170. మాస్టర్స్‌లో ఆ తరగతికి నేనొక్కదాన్నే కాబట్టి పతకం గురించి రాయను.

నవంబర్ 29న రెండో డెక్సా. అదే సెంటర్లో, అదే మిషన్ మీద తీయించాలి, లేకపోతే రెండు అంకెలను పోల్చడానికి ఉండదు. వెన్ను మైనస్ 1.8, తుంటి మైనస్ 1.4. నేను మైనస్ 1.5 ఊహించుకుని వెళ్ళాను, మనసు చివుక్కుమంది. 0.1 తేడా మిషన్ పొరపాటులోనే పోతుంది, పెరిగిందని చెప్పను, నెలసరి ఆగే వయసులో తగ్గకుండా నిలవడం మాత్రం మంచి కబురే అన్నారు డాక్టరమ్మ. తర్వాతి స్కాను ఇంకో ఏడాదికి. ఒంటి బరువు 62.4 నుంచి 63.1 అయింది, నడుం చుట్టుకొలత 92 నుంచి 87 సెంటీమీటర్లకు దిగింది. పాత జాకెట్లు చేతుల దగ్గర పట్టక కుట్లు విప్పించాల్సి వచ్చింది. తిండి, డైటీషియన్ ఫీజు కాక, రెండో స్కానుతో కలిపి నవంబర్ ఆఖరుకు అయిన ఖర్చు 49,950 రూపాయలు. అందులో కోచ్‌కిచ్చిన 15,000 మొదటి మూడు నెలలకే. ఆ డబ్బు గురించి ఒక్క రోజు కూడా బాధపడలేదు.

లేత్ షాపులో చేయించిన బిళ్ళలు ఇప్పుడు జిమ్ము కిటికీ గూట్లో ఉంటున్నాయి. కొత్తగా చేరిన ముగ్గురు వాటితోనే ప్రెస్ చేస్తున్నారు, ఇంకో జత చేయించాలి. నా ప్రెస్ 28.7 దగ్గర ఉంది. సోమవారం పావుకిలో, అరకిలో బిళ్ళలు తీసేసి కిలోపావు జత వేస్తాను, 29.7.